సర్దుకుపోయే తాళం

గుండు నవ్వుతూ చెప్పాడు. నవ్వుతూ చెప్పబట్టే మొదట ఎవరూ పట్టించుకోలేదు.

భోజనాలయ్యాక పరీక్షల బల్ల దగ్గరికొచ్చి, జేబులోంచి ఆఫీసు కార్డు తీయబోయి తన ఇంటి తాళం కార్డు తీశాడట. చూసుకోకుండా అదే బల్ల మీది నమూనా తాళానికి తాకించాడట. తాళం పొడుగ్గా ఒక్క కూత కూసి తెరుచుకుందట. "ఇల్లూ ఆఫీసూ ఒకటైపోయాయని మా ఆవిడ ఊరికే అనట్లేదు. ఆ సంగతి తాళానికి కూడా తెలిసిపోయింది," అన్నాడు. గుండుకు తల మీద ఒక్క వెంట్రుక లేకపోయినా నోటి నిండా జోకులే. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేసి ఎవరి కుర్చీల్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు.

చిన్ని మాత్రం నవ్వలేదు. ఆమెను ఇంట్లో చిన్ని అంటారు, ఆఫీసులో చాదస్తం అంటారు. ప్రతిదానికీ వంక పెడుతుంది, ప్రతిదాన్నీ మళ్ళీ చూడాలంటుంది, "బానే ఉందిగా" అన్న మాట వింటే ఆమెకు ఒళ్ళు మంట. కాస్త విసిగించే మనిషేనని ఒప్పుకోవాలి. కానీ ఆ ఆఫీసు చేసే పనికి అలాంటి మనిషి ఒకరైనా ఉండి తీరాలి.

ఆ ఆఫీసు తయారుచేసేది తాళాలు కాదు, తాళాల లోపలుండే లెక్క. కంప్యూటర్లకు రాసే సి భాషలో ఒక లైబ్రరీ, అంటే ఎవరైనా తమ యంత్రంలో పెట్టుకోగల కోడ్ కట్ట. రహస్యాలు పుట్టించడం, దాచడం, సరిచూడడం దాని పని. పెద్ద కంప్యూటర్లలో, ఫోన్లలో, గోరంత చిప్పుల్లో, ఎక్కడ పెట్టినా ఆగకుండా నడుస్తుందని దానికి పేరు. దాన్ని మొదలుపెట్టిన పెద్దాయన వచ్చినవాళ్ళందరికీ అదే మాట చెప్పి మురిసిపోతుంటాడు: "మన కోడ్ ఎక్కడైనా సర్దుకుపోతుంది." తాళాల కంపెనీవాళ్ళు ఆ మాట విని, నమ్మి, తమ కొత్త తాళాల్లో దాన్ని పెట్టుకున్నారు. గుండు ఇంటి తలుపుకున్నదీ వాళ్ళ తాళమే.

చిన్ని తన బ్యాగంతా తిరగేసి, అడుగునున్న కార్డొకటి పైకి తీసింది. అది అక్క కాపురం చేసిన ఇంటి తాళానికి మారు కార్డు. ఆ తాళం కొని బిగించి ఇచ్చింది తనే. "లోపల మా కోడ్ ఉందక్కా, దీన్ని తెరవడం ఎవడి తరమూ కాదు" అని గొప్పలు పోయి మరీ ఇచ్చింది. ఆ కార్డుకూ ఈ బల్ల మీది తాళానికీ ఏ చుట్టరికమూ ఉండకూడదు. తాకించింది.

తాళం పొడుగ్గా కూసి తెరుచుకుంది.

 మామూలు మనిషైతే ఈ తాళం పాడైందనుకుంటాడు. చిన్నికి మాత్రం లెక్క మొత్తం ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చింది. బిగించినరోజు ప్రతి తాళమూ తన రహస్యం తనే పుట్టించుకోవాలి, ఎవరూ ఊహించలేని అంకె ఒకటి తీసుకుని. వేరే ఇళ్ళ కార్డులకు ఈ తాళం పలుకుతోందంటే ఈ తాళాలన్నీ ఒకే అంకెతో పుట్టాయన్నమాట. ఇంతకాలం ఎవరికీ తెలియకపోవడంలో వింతేమీ లేదు. తాళం కొన్నవాడు తన కార్డు తన తలుపు తెరుస్తోందా అని చూస్తాడు కానీ, పక్కింటివాడి కార్డు తెరవకుండా ఉంటోందా అని చూస్తాడా? ఆ మాటకొస్తే ఇంతమంది ఇంజినీర్లున్న ఈ ఆఫీసులోనూ ఎవరూ చూడలేదు. చాదస్తం అని పేరు పడ్డ తనకూ తట్టలేదు.

అక్క ఇప్పుడు ఆ ఇంట్లో లేదు. బావ చెయ్యి చేసుకోవడం పెళ్ళయిన ఏడాదే మొదలైంది. అమ్మ సర్దుకుపొమ్మంది. అక్క సర్దుకుపోయింది, మళ్ళీ సర్దుకుపోయింది, చివరికి మణికట్టు విరిగాక ఒక్క సంచీతో బయటికొచ్చేసి ఆడవాళ్ళ వసతిగృహంలో చేరింది. ఇలా వచ్చేసినవాళ్ళ కోసమే నడిపే ఇల్లు అది, అడ్రసు ఎవరికీ చెప్పరు. ఆ తలుపుకు కూడా ఇదే తాళం పెట్టమని వార్డెన్‌కు చెప్పింది చిన్నే. అడ్రసు ఎవరూ చెప్పకపోయినా బావకు ఆ వీధి ఎలాగో తెలిసిపోయింది. ఈ వారంలో ఎదురుగా ఉన్న టీ కొట్టులో కూర్చుని రోజూ తలుపు కేసి చూస్తున్నాడు. పై కిటికీలోంచి అక్క గుర్తుపట్టింది కానీ, వార్డెన్ ఆయన మొహం ఎప్పుడూ దగ్గర్నుంచి చూడలేదు. రోడ్డు మీద కూర్చుని టీ తాగడం నేరం కాదని పోలీసులు చేతులెత్తేశారు.

బావ పర్సులో పాతింటి కార్డు ఉంది. అది ఆ వసతిగృహం తలుపు కూడా తెరుస్తుంది. ఆ సంగతి ఆయనకింకా తెలియదు, అంతే.

చిన్ని వరండాలోకి పరుగెత్తి వార్డెన్‌కు ఫోన్ చేసింది. లోపల బోల్టు వేసుకోండి అంది. మంటలొస్తే కష్టమని అధికారులు లోపలి బోల్టులన్నీ ఎప్పుడో తీయించేశారని, మీ తాళం ఉండగా బోల్టెందుకు అనుకున్నామని ఆవిడ చెప్పింది. మీ తాళం అనే మాట చిన్నికి చెంప మీద కొట్టినట్టయింది. తాళంలో లోపం బయటపడింది, బీరువానో బల్లనో తలుపుకు అడ్డం జరపండి, అక్కను పై గదిలోంచి దిగనివ్వకండి అని గబగబా చెప్పింది. ఆవిడ ఎందుకని ఒక్క ముక్క అడగలేదు. ఆ ఇంట్లో ఉండేవాళ్ళకు భయం కొత్త కాదు.

తరవాత చిన్ని కుర్చీలో కూర్చుని కోడ్ తెరిచింది.  గుండు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఈసారి జోకు వేయలేదు.

సి కోడ్‌ను ఏ యంత్రానికైనా దాని సొంత భాషలోకి దించిపెట్టేది కంపైలర్. అలా దించేటప్పుడు ఆ లైబ్రరీ దాన్ని వరసగా ప్రశ్నలడుగుతుంది. నువ్వు పెద్ద కంప్యూటర్లను నడిపించే యునిక్స్ కుటుంబమా? కాదా, పోనీ విండోస్‌వా? అదీ కాదా, అయితే ఫలానా చిప్పువా? ఏ ప్రశ్నకు ముందు అవునంటే ఆ దారిలో పోతుంది, మిగతావి అడగదు. తాళంలోని చిప్పు పేరు ఆ వరసలో ఉంది, చిన్నే కిందటేడు చేర్చింది. కానీ అడుగున చేర్చింది. ఆ చిప్పు కంపైలర్ సంగతేమిటంటే, ఊళ్ళోవాళ్ళ కోడంతా తన దగ్గర పేచీ లేకుండా నడవాలని, నువ్వు యునిక్సువా అంటే మొహమాటానికి అవునంటుంది. మొదటి ప్రశ్నకే అవునంది కాబట్టి దాని అసలు పేరు ఎవరూ అడగనే లేదు.

యునిక్స్ ఇంట్లో ఊహకందని అంకెలు ఒక ఫైలులో దొరుకుతాయి. లైబ్రరీ ఆ ఫైలు కోసం వెళ్ళింది. తాళంలో ఫైలేమిటి, నా మొహం! అరచేతిలో పట్టే డబ్బా అది. ఫైలు దొరకలేదు. దొరకనప్పుడు ఏం చేస్తుందా అని చిన్ని ఇంకా కిందికి వెళ్ళింది. అక్కడ పెద్దాయన పాతకాలపు వాక్యం ఒకటుంది: ఇక్కడిదాకా ఎవరూ రారు. దాని కింద, పని ఆగకూడదని, ఒక స్థిరమైన అంకె. ఎప్పుడడిగినా అదే అంకె.

"అమ్మ బాబోయ్," అన్నాడు గుండు మెల్లగా. "ఏమీ తెలియకపోయినా తెలిసినట్టే నడిచిపోయిందన్నమాట."

చిన్ని లేచి పెద్దాయన గదిలోకి వెళ్ళింది. ఆయన సాయంత్రం విడుదలయ్యే కొత్త వెర్షన్ కాగితాలు చూసుకుంటున్నాడు. చెప్పిందంతా విన్నాడు, మొహం మాడిపోయింది. చెడ్డవాడేమీ కాదు పాపం, కోడ్‌ను కన్నబిడ్డలా చూసుకునే మనిషి. ఆ చిప్పు ప్రశ్నను వరసలో ముందుకు జరపమన్నాడు, అంతవరకూ సరేనన్నాడు. కానీ ఏ ప్రశ్నకూ సరైన జవాబు రాకపోతే అక్కడికక్కడే ఆగిపోవాలి, ఆ స్థిరమైన అంకె పీకేయాలి అని చిన్ని అనేసరికి తల అడ్డంగా ఊపాడు. ఎవరెవరి దగ్గర ఏ మూలల్లో ఎన్ని యంత్రాల్లో ఇది నడుస్తోందో మనకే తెలియదని, ఒక్కసారిగా ఆపేస్తే అందరూ నెత్తీనోరూ కొట్టుకుంటారని, నెమ్మదిగా వచ్చే వెర్షన్‌లో చూద్దామని నచ్చజెప్పబోయాడు.

ఆ ఆఫీసులో ఎవరికీ చిన్ని ఇంటి సంగతి తెలియదు. ఇంటి గుట్టు బయటపెట్టడమంటే ఆమెకు ప్రాణం పోయినట్టుంటుంది. కానీ ఇప్పుడు గుట్టు చూసుకునే సమయం కాదు.

"సర్, ఆ కార్డుల్లో ఒకటి మా బావ జేబులో ఉంది. మా అక్క ఆయన్నుంచి తప్పించుకుని దాక్కున్న ఇంటి తలుపు దానితో తెరుచుకుంటుంది. ఆయన ఇప్పుడు ఆ వీధిలోనే ఉన్నాడు."

పెద్దాయన కళ్ళజోడు తీశాడు. 

"ఎక్కడైనా సర్దుకుపోవాలనే రాశానమ్మాయ్," అన్నాడు.

"మా అమ్మ కూడా అక్కకి అదే చెప్పింది సర్."

ఆయన కాగితాలు పక్కకు నెట్టేశాడు. ఆ పాత వాక్యాన్నీ దాని కింది అంకెనూ తన చేత్తోనే కొట్టేసి, వాటి చోట ఆగిపొమ్మనే ఆజ్ఞ పెట్టాడు. తాళాల కంపెనీకి ఫోన్ కూడా తనే చేసి, వాళ్ళ ఇంజినీరును లైనులో కూర్చోబెట్టాడు.

కొత్త లైబ్రరీ అవతలివాళ్ళకు చేరింది. వాళ్ళు తమ దగ్గరున్న తాళంలోకి ఎక్కించి లేపబోయారు, అది లేవలేదు. ఈ యంత్రంలో ఊహకందని అంకె ఎక్కణ్ణుంచి తేవాలో నాకు తెలియదు అని చెప్పి మొండికేసి కూర్చుంది. ఇంజినీరుకు చిరాకెత్తింది, ఇన్నాళ్ళూ నడిచినదాన్ని చెడగొట్టారు కదండీ అన్నాడు. "ఇన్నాళ్ళూ నడవలేదండీ, నడిచినట్టు నటించింది," అంది చిన్ని. తన కోపం తనకే కొత్తగా వినిపించింది. చిప్పు ప్రశ్నను ముందుకు జరిపినా ఎందుకు ఆగిందంటే, ఆ కంపెనీ తమ చిప్పును సొంతంగా కొంచెం మార్చుకుని పేరు కూడా మార్చింది. చిన్ని కిందటేడు చేర్చింది పాత పేరు! ఆ ప్రశ్నను అడుగు నుంచి పైకి జరిపి ఊరుకుని ఉంటే ఈ తాళం ఎప్పటిలాగే అవునవునంటూ పాత దారిలోనే పోయేది. 

చిప్పులో కరెంటు గలగలల్లోంచి అంకెలు ఏరే చిన్న భాగం ఉందని ఇంజినీరు చెప్పాడు. దాన్నెలా పిలవాలో చదివి వినిపించాడు. చిన్ని రాసింది, పెద్దాయన వెనక నిలబడి ప్రతి వరసా గొణుగుతూ చదివాడు, గుండు బల్ల మీది తాళంలోకి ఎక్కించాడు. తాళం బోల్టు వెనక్కి జారిపోయింది. కొత్త కోడ్ తీసుకుని మళ్ళీ లేచేదాకా అంతే, బోల్టు తెరుచుకునే ఉంటుంది. మంటల్లో మనుషులు చిక్కుకోకూడదని కంపెనీ అలా పెట్టింది. ఓ నిమిషం గడిచాక తాళం చిన్న రాగం తీసి కొత్త అంకెతో లేచింది, బోల్టు టక్కున పడింది. గుండు తన కార్డు తాకించాడు. పొట్టిగా రెండు కూతలు. అంటే కుదరదని. చిన్ని తన కార్డు తాకించింది. రెండు కూతలు. ముగ్గురూ ఒకేసారి ఊపిరి వదిలారు.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. వార్డెన్.

ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడుతోంది. తలుపవతల ఒకాయన వచ్చి నిలబడ్డాడని, కిటికీ సందులోంచి చూశానని, చక్కగా దువ్వుకుని మర్యాదగా ఉన్నాడని చెప్పింది. మీ అక్క పుట్టుమచ్చ దగ్గర్నుంచి మీ అమ్మగారి ఊరిదాకా అడిగినవన్నీ చెప్పాడట. పెద్దన్నయ్యనని, చెల్లెలికి బట్టలు తెచ్చానని అన్నాడట. "అన్నీ సరిగ్గానే చెప్తున్నాడమ్మా. బీరువా జరిపి ఒకసారి మాట్లాడించమంటారా?"

"మాకు అన్నదమ్ములెవరూ లేరండీ," అంది చిన్ని.

 పోలీసులకు ఫోన్ చేయండి, ఈ ఫోన్ మాత్రం పెట్టేయకండి అంది చిన్ని. వార్డెన్ ఇంకో ఫోన్‌లో పోలీసులతో మాట్లాడడం వినిపించింది. వస్తామన్నారట, కానీ దారిలో రద్దీ ఎక్కువగా ఉందట.

 బావ అలవాటు ఆమెకు తెలుసు. రోజూ పాతింటికి వచ్చి, పర్సు జేబులోంచి తీసి, లోపల కార్డుండగానే తాళానికి ఆనించేవాడు. ఇదీ అదే తాళం, అదే నీలం దీపం. మాటలతో పని జరగకపోతే కోపంతోనో అలవాటుగానో ఆ చెయ్యి అటు పోకుండా ఉంటుందా? పోతే తాళం పొడుగ్గా కూసి తెరుచుకుంటుంది. అడ్డంగా ఉన్నది పాత బీరువా ఒక్కటే, అదీ బట్టలు కూడా సరిగ్గా లేనిది. పోనీ ఇప్పుడే కొత్త కోడ్ పంపితే? తాళాలన్నీ నెట్‌కు కలిపి ఉంటాయి, కంపెనీ నుంచి ఆజ్ఞ వెళ్ళడం ఆలస్యం, ఆ తాళం అందుకుంటుంది. కానీ అది లేచేదాకా బోల్టు వెనక్కి పోయి ఉంటుంది. తలుపు మీద చెయ్యి వేస్తే చాలు.

ఇంజినీరు లైనులోనే ఉన్నాడు, పంపమంటారా అని అడిగాడు. పెద్దాయన చిన్ని కేసి చూశాడు. చిన్ని ఫోన్‌లో అక్కను పిలవమంది.

అక్క వచ్చింది. మెట్లు దిగి వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. చిన్ని ఏమీ దాచలేదు. అక్కా, ఆయన దగ్గరున్న పాత కార్డు ఈ తలుపు తెరుస్తుంది, తప్పు మాదే. బాగుచేశాం. అది ఎక్కేటప్పుడు కాసేపు తలుపు వదులైపోతుంది, తర్వాత ఇక తెరుచుకోదు. ఇప్పుడు పంపనా, పోలీసులొచ్చేదాకా ఆగనా, నువ్వే చెప్పు అంది. ఎప్పుడూ "నీ ఇష్టమే, నాదేముంది" అనే మనిషి అక్క. ఏ చీర కావాలని అడిగినా అదే జవాబు.

"పంపు," అంది అక్క. "మేం పట్టుకుంటాం."

తరవాత ఫోన్ ఎక్కడో నేల మీద పెట్టిన చప్పుడు. చాలా కాళ్ళు మెట్ల మీద దిగుతున్న చప్పుడు. వార్డెన్ పేర్లు పెట్టి ఎవరెవర్నో పిలుస్తోంది. చిన్ని తల ఊపింది, ఇంజినీరు పంపాడు.

గుండు చిన్ని ఫోన్‌ను స్పీకరు మీద పెట్టాడు. టక్కున బోల్టు వెనక్కి పోయిన చప్పుడు అందరికీ వినిపించింది. అవతలి మనిషికీ వినిపించే ఉంటుంది. "అదిగో, తీశారుగా," అంది బావ గొంతు, ఎంతో తియ్యగా. బీరువా నేల మీద కీచుమంది. ఎవరో ఆడమనిషి మూలిగింది, ఎవరో వీపు ఆనించమని అరిచారు. బీరువా ఇంకా కీచుమంది. ఈసారి బావ గొంతులో తియ్యదనం లేదు. చిన్నికి చిన్నప్పుడు అక్క తనను చంకనెత్తుకున్నది గుర్తొచ్చింది, ఆ చేతిలోని మణికట్టే ఇప్పుడా తలుపు మీద ఉందని గుర్తొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

చిన్న రాగం. టక్.

 ఆ తర్వాత పొట్టిగా రెండు కూతలు. కాసేపాగి మళ్ళీ రెండు. మళ్ళీ రెండు. తర్వాత తలుపు మీద కాలితో తన్నిన చప్పుళ్ళు, దూరంగా పోలీసు బండి మోత, పరుగెత్తుతున్న అడుగులు.

అక్క ఫోన్ చేతికి తీసుకునేసరికి చాలాసేపు పట్టింది.  "కార్డు పెట్టాడే. కాదంది," అంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "మేమింకా తలుపు పట్టుకునే ఉన్నాం చిన్నీ. ఎవరం వదల్లేదు. ఇప్పుడు చేతులు తియ్యొచ్చా?"

తియ్యొచ్చక్కా అని నోటిదాకా వచ్చింది. కానీ చిన్ని ఆ మాట అనలేదు. ఒక్క నిమిషం పట్టుకోండి అంది. బల్ల దగ్గరికి వెళ్ళి, అక్క పాతింటి కార్డు తీసి తాళానికి ఆనించి రెండు కూతలు విన్నది. గుండు కార్డు అడిగి తీసుకుని ఆనించి విన్నది. లైనులో ఉన్న ఇంజినీరును ఆ తలుపు తాళం ఇప్పుడు ఏ అంకెతో లేచిందో, బల్ల మీది తాళం ఏ అంకెతో లేచిందో రెండూ పక్కపక్కన పెట్టి చూడమంది. వేరు వేరని ఆయన చెప్పాడు. మళ్ళీ చూడమంది. మళ్ళీ చూసి అదే చెప్పాడు.

ఫోన్‌లో ఆడవాళ్ళంతా ఊపిరి బిగబట్టి వింటున్నారు.

"తియ్యండక్కా," అంది చిన్ని.